రంధ్రాలు కలిస్తే చక్రం కుదిరినట్టేనా?

పాత కార్ల శీర్షిక: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో నాలుగు ఉత్తరాలు అల్లాయ్ (తేలికలోహపు) చక్రాల చుట్టూనే తిరుగుతున్నందున, కార్బ్యురేటర్ల గురించి అడిగినవారిని వచ్చే సంచిక వరకు ఆగమని కోరుతూ చోటంతా వీటికే ఇస్తున్నాను.

ప్రశ్న: మా నాయన 1970లలో మద్రాసులో కొన్న 1967 నాటి ఎం.జి.బి. రోడ్‌స్టర్‌ను (బ్రిటిష్ స్పోర్ట్స్ కారు) రెండేళ్లు శ్రమపడి మళ్లీ రోడ్డెక్కించాను. దానికోసం చెన్నై పుదుప్పేటలో 14 అంగుళాల వ్యాసం, 6 అంగుళాల వెడల్పు ఉన్న పాతకాలపు స్లాట్ అల్లాయ్‌లు నాలుగు కొన్నాను. లోపలి వైపు జె.డబ్ల్యు.ఎల్. అనే అక్షరాలు పోతలోనే ఉన్నాయి. నాలుగు రంధ్రాలూ స్టడ్లకు (చక్రం కూర్చునే హబ్బు నుంచి పొడుచుకొచ్చే మర కడ్డీలకు) సరిగ్గా కలిశాయి కనుక మెకానిక్ వాటితోపాటు వచ్చిన నట్లతోనే బిగించాడు. అవి మొదట మొరాయించినా ఎయిర్ గన్‌తో దిగాయి. టైర్లు 195/70 ఆర్14 (195 మిల్లీమీటర్ల వెడల్పు, అందులో 70 శాతం పక్కగోడ ఎత్తు, 14 అంగుళాల చక్రానికి) వేశాము. ఇప్పుడు ముందు చక్రం లోపలి భాగం బ్రేకు క్యాలిపర్‌కు (బ్రేకును నొక్కి పట్టే భాగానికి) గీసుకుంటోంది. ఇద్దరం కూర్చుని స్పీడ్ బ్రేకర్ దాటితే వెనుక ఎడమ టైరు మడ్గార్డు అంచుకు తగులుతోంది. ముందు వాషర్లు వేసి, వెనుక అంచు కోసేస్తే సరిపోతుందని మెకానిక్ అంటున్నాడు. చక్రం మొత్తం వెడల్పు (అంచులతో కలిపి) 178 మిల్లీమీటర్లు, వెనుక అంచు నుంచి హబ్బుకు ఆనే ముఖం దాకా 92 మిల్లీమీటర్లు వచ్చింది. ఏం చేయమంటారు?
— ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: ముందుగా ఒక మనవి. ఈ ఉత్తరానికి జవాబు చదవడం పూర్తయ్యేలోగా కారు తీయవద్దు. మీరు క్యాలిపర్ గురించి, మడ్గార్డు గురించి ఆందోళన పడుతున్నారు గాని, నన్ను భయపెట్టినది మీరు మాటవరసకు రాసిన వాక్యం: నట్లు మొరాయించినా గన్‌తో దిగాయన్నది. ఎం.జి.బి. స్టడ్లు అర అంగుళం మందం, అంటే 12.7 మిల్లీమీటర్లు, అంగుళానికి 20 మరలు. మీ చక్రాలు జపాన్ కార్ల కోసం తయారైనవి కనుక, వాటితో వచ్చిన నట్లు చాలావరకు 12 మిల్లీమీటర్ల మెట్రిక్ నట్లే అయి ఉంటాయి. వాటిలో ఒక రకానికి మర దూరం 1.25 మిల్లీమీటర్లు, మీ స్టడ్డుది 1.27 మిల్లీమీటర్లు. ఈ రెండూ కంటికి ఒకటిగానే కనిపిస్తాయి. చేత్తో తిప్పితే నట్టు ఎక్కదు. గన్ పెడితే తన మరలను చీల్చుకుంటూ, స్టడ్డు మరలను కొరుక్కుంటూ ఎక్కుతుంది. అలా ఎక్కిన నట్టు బిగిసినట్టే కనిపిస్తుంది కాని పట్టు ఉండదు. కాబట్టి పదహారు నట్లూ తీసి పారేయండి, స్టడ్లలో మర చెడినవాటినే కాకుండా పదహారింటినీ మార్చండి. కొత్త నట్టు ఏదైనా కనీసం సగం దూరం వేళ్లతోనే ఎక్కాలి. అలా ఎక్కనిది ఆ కారుది కాదు.

ఇక రంధ్రాలు ఎందుకు కలిశాయో చెబుతాను. స్టడ్లు నిలిచే వలయపు వ్యాసాన్ని పి.సి.డి. అంటారు. 1962లో వచ్చిన ఎం.జి.బి.కి అది నాలుగున్నర అంగుళాలు, అంటే 114.3 మిల్లీమీటర్లు. అప్పటి వెనుక చక్రాల డ్రైవు డాట్సన్లలో, టొయోటాలలో చాలావాటికి కూడా ఇదే కొలత కావడం వల్ల వాటి చక్రాలు ఎం.జి.బి. హబ్బు మీదికి చక్కగా ఎక్కుతాయి. జె.డబ్ల్యు.ఎల్. అనేది తేలికలోహపు చక్రాలకు జపాన్ ప్రభుత్వం పెట్టిన ప్రమాణపు గుర్తు. అది ఉండటం మంచి సంగతే, చక్రం ఊరూపేరూ లేని పోత కాదని దాన్ని బట్టి అనుకోవచ్చు. అయితే ఆ గుర్తు చక్రం బలానికి సంబంధించినది. అది మీ కారుకు కుదురుతుందో లేదో ఆ అక్షరాలు చెప్పవు.

కుదురుబాటు చెప్పేది ఆఫ్‌సెట్. చక్రం వెడల్పు మధ్యలో ఒక గీత ఊహించుకుంటే, హబ్బుకు ఆనే ముఖం ఆ గీతకు బయటి వైపుగా ఎంత దూరంలో ఉందో అదే ఆఫ్‌సెట్. మీరు కొలతలు పంపినందుకు సంతోషం, ఎందుకంటే నూటికి తొంభైమంది పాఠకులు ఫోటో మాత్రమే పంపుతారు. 178లో సగం 89, మీ ముఖం 92 దగ్గర ఉంది, కాబట్టి ఆఫ్‌సెట్ 3 మిల్లీమీటర్లు మాత్రమే. హబ్బు ముఖం నుంచి బయటికి 86 మిల్లీమీటర్లు పొడుచుకు వస్తోంది. మీ కారుతో వచ్చిన పాత ఇనుప డిస్కు చక్రం వెడల్పు 4 అంగుళాలే. దాన్ని కూడా నేలమీద బోర్లా పెట్టి, అంచుల మీద ఒక ఇనుప స్కేలు అడ్డంగా ఉంచి ఇలాగే కొలవండి. రెండు చక్రాల ఆఫ్‌సెట్‌ల తేడా ఎంతో అంత మేరకు మీ టైరు మడ్గార్డు వైపు జరిగింది. అంచు తగలడంలో వింతేమీ లేదు.

వెనుక ఇంకో సంగతి ఉంది. ఎం.జి.బి. వెనుక ఇరుసును పట్టీల కమానులు మాత్రమే పట్టుకుని ఉంటాయి, పక్కకు జరగకుండా ఆపే కడ్డీ వేరే లేదు. అందువల్ల మలుపులో ఇరుసు కొద్దిగా పక్కకు కదులుతుంది. పైగా ఈ కార్లలో ఎడమ, కుడి పక్కల టైరుకూ మడ్గార్డుకూ మధ్య సందులు సమానంగా ఉండవలసిన అవసరమూ లేదు, రెండూ విడివిడిగా కొలవాలి. నిలబెట్టిన కారులో వేలు పట్టిందని సంబరపడితే మొగిలి ఘాట్‌లో మలుపు తిరిగేటప్పుడు రబ్బరు కాలిన వాసన వస్తుంది. మడ్గార్డు అంచు కోయించకండి. అక్కడ లోపలి రేకు, బయటి రేకు కలిపి అతికి ఉంటాయి. కోస్తే ఆ అతుకు విడిపోయి, మధ్యలో నీరు చేరి, రెండు వానాకాలాలు గడిచేసరికి తుప్పు బయటికి వస్తుంది. తప్పనిసరైతే అంచును లోపలికి మడిపించవచ్చు, అదీ టైరు మార్చి చూసిన తరువాతే.

ఎందుకంటే అసలు దోషి మీ 195 టైరు. అది 175 కంటే ఒక్కో పక్క 10 మిల్లీమీటర్లు ఎక్కువ పొంగుతుంది, పైగా మొత్తం ఎత్తు 628 మిల్లీమీటర్లకు పోతుంది. మీ కారుకు తగిన 165/80 ఆర్14 ఎత్తు 620. ఆ కొలత స్విఫ్ట్ లాంటి కార్లకు వాడేదే కనుక తిరుపతిలో ఏ టైర్ల దుకాణంలోనైనా దొరుకుతుంది గాని, 6 అంగుళాల చక్రానికి అది ఇరుకు, టైరు పక్కగోడలు లాగినట్టు వాలిపోతాయి. నా సలహా 175/70 ఆర్14. ఎత్తు 600 వస్తుంది, 6 అంగుళాల వెడల్పు దానికి పైహద్దు. స్పీడోమీటరు మూడు శాతం మేర ఎక్కువ చూపుతుంది, నిజంగా 80లో వెళుతుంటే 82 దాటి కనిపిస్తుంది, అంతకుమించి నష్టం లేదు. చక్రాలు ఇంకా కొనవలసిన పాఠకులకు మాత్రం చెబుతున్నాను, ఈ కారుకు ఐదున్నర అంగుళాల చక్రం తీసుకుంటే ఈ బాధల్లో సగం పుట్టనే పుట్టవు.

క్యాలిపర్ సంగతి ఆఫ్‌సెట్‌కు సంబంధించినది కాదు. చక్రం నడుమ భాగం వెనుక వంపు ఎలా ఉందన్న దానిది. దీన్ని కొలవడానికి నేను వాడే పనిముట్టు చపాతీ పిండి. క్యాలిపర్ మీద చిన్న ముద్ద అంటించి, చక్రం బిగించి, చేత్తో ఒక చుట్టు తిప్పి, విప్పి, నలిగిన పిండి మందం చూడండి. 3 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. తగ్గితే స్పేసరు వేయాలి. స్పేసరు అంటే ఒకే లోహపు బిళ్లగా లేత్ మీద చదునుగా తీసి, హబ్బు మీద ఆటలేకుండా కూర్చునేది. ఒక్కో స్టడ్డుకు విడిగా వేసే వాషర్లు స్పేసరు కావు, ఆ ఆలోచనను మీ మెకానిక్ మనసులోంచి తీసేయించండి. వాషర్లతో చక్రం ముఖం హబ్బుకు పూర్తిగా ఆనదు, నాలుగు చోట్ల మాత్రమే ఆనుతుంది, బరువంతా స్టడ్లు వంగుతూ మోస్తాయి. స్పేసరు వేసిన మేరకు స్టడ్డు పొట్టి అవుతుంది కనుక పొడవు స్టడ్లు వేయించాలి. లెక్క తేలిక: నట్టు స్టడ్డు మీద స్టడ్డు మందమంత దూరమైనా పట్టాలి, అంటే మీ మర ప్రకారం కనీసం పది పూర్తి చుట్లు తిరగాలి. తొమ్మిదికే బిగిసిపోతే స్టడ్డు చాలలేదని అర్థం. ముందు స్పేసరు వేశాక ఆ చక్రమూ ఇంకొంచెం బయటికి జరుగుతుంది, స్టీరింగు బరువెక్కుతుంది, బేరింగు మీద భారం పెరుగుతుంది. 5 మిల్లీమీటర్లతో సరిపోకపోతే ఈ చక్రాలు మీ కారువి కావని ఒప్పుకుని, నచ్చినవారికి అమ్మేయడం మేలు.

నట్ల రకం గురించి నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. పాతికేళ్ల కిందట నేను ఒక జత అల్లాయ్‌లకు ఇనుప డిస్కుల శంకు నట్లే బిగించాను. ఆ చక్రాల రంధ్రాలు లోపల నిటారు గోడలతో, పైన చదునుగా ఉండేవి. వాటికి గొట్టం లాంటి మెడ ఉన్న నట్టు, కింద చదునైన వాషరు కావాలని అప్పుడు నాకు తెలియదు. శంకు అంచు మాత్రమే మెత్తని అల్యూమినియంను కొరుక్కుని ఆగింది. రేణిగుంట దాటి పుత్తూరు వైపు వెళుతుంటే టకటకమని శబ్దం మొదలైంది. రోడ్డు బాగాలేదనుకుని ఇంకో ఐదారు కిలోమీటర్లు పోయి, దిగి చూస్తే నాలుగు నట్లలో ఒకటి లేదు, రెండు చేత్తో తిరుగుతున్నాయి. మీ రంధ్రం నోరు వాలుగా ఉందా, చదునుగా ఉందా చూసి ఆ ప్రకారమే నట్లు తెచ్చుకోండి.

బిగించేటప్పుడు గన్ వద్దు. టార్క్ స్పానరుతో (బిగింపు బలం చూపే స్పానరుతో), ఎదురెదురు నట్ల క్రమంలో, 60 నుంచి 65 పౌండ్ల అడుగులు, అంటే 81 నుంచి 88 న్యూటన్ మీటర్లు. తరువాత ఒకసారి నెమ్మదిగా పూతలపట్టు మీదుగా చిత్తూరు దాకా వెళ్లి, చక్రాలు పూర్తిగా చల్లారాక మళ్లీ స్పానరు పెట్టి చూడండి. బ్యాలెన్సింగు చేయించేటప్పుడు కూడా ఒక జాగ్రత్త అవసరం. ఈ పాత చక్రాలను మధ్యలో నిలిపేది స్టడ్లే, నడిమి రంధ్రం కాదు. దుకాణాల్లోని యంత్రం నడిమి రంధ్రాన్ని శంకుతో పట్టుకుంటుంది, అది నిఖార్సైన గుండ్రం కాకపోతే లెక్క తప్పి, అవసరం లేని సీసం ముక్కలు అతికిస్తారు. స్టడ్డు రంధ్రాలతో పట్టే ప్లేటు ఉన్న దుకాణం వెతకండి.

ప్రశ్న: మా మామగారి స్టాండర్డ్ హెరాల్డ్‌ను స్పోర్ట్స్ కారు తీరుగా తయారు చేస్తున్నాను. మారుతి కారువి నాలుగు రంధ్రాల అల్లాయ్‌లు ఉన్నాయి. కొంచెం తేడాగా ఉన్నా రంధ్రాలు కోలగా చేయిస్తే సరిపోతాయని లేత్ దుకాణంలో చెప్పారు. చేయించవచ్చా?
— ఒక పాఠకురాలు, చిత్తూరు

జవాబు: చేయించకండి అమ్మా. మద్రాసులో తయారైన హెరాల్డ్ పి.సి.డి. 3.75 అంగుళాలు, అంటే 95.25 మిల్లీమీటర్లు. మీరు చెప్పిన చక్రాలది 100 అయి ఉంటుంది. ఒక్కో రంధ్రాన్ని దాదాపు 2.4 మిల్లీమీటర్లు లోపలికి జరపాలన్నమాట. కోలగా చేసిన రంధ్రంలో నట్టు శంకు ఒక పక్కనే ఆనుతుంది. చక్రం మధ్యకు కుదరదు, నట్టు నిలవదు. రెండు వరుసల స్టడ్లు ఉన్న అడాప్టరు ప్లేటు వేస్తామని మరొకరు చెబుతారు. దాని మందం వల్ల చక్రం ఇరవై మిల్లీమీటర్లో అంతకన్నా ఎక్కువో బయటికి పోతుంది.

హెరాల్డ్ విషయంలో ఆ బయటికి పోవడమే ప్రమాదం. దీని ముందు చక్రాన్ని మోసే నిలువు కడ్డీ కింది కొస, ట్రనియన్ అనే ఇత్తడి రంగు ముక్కలోకి మరతో ఎక్కి ఉంటుంది. స్టీరింగు తిప్పినప్పుడల్లా ఆ మర తిరుగుతుంది. దానికి గ్రీజు కాదు, గేరు నూనె కావాలి, ఈ సంగతి తెలియక గ్రీజు కొట్టినవారి కార్లలో మర అరిగి కడ్డీ విరిగిపోవడం ఈ కార్లకున్న పాత జబ్బు. చక్రం బయటికి పోయేకొద్దీ ఆ కొస మీద మీట బలం పెరుగుతుంది. ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అనే స్పోర్ట్స్ కారు హెరాల్డ్ ఛాసిస్‌నే కురచ చేసి కట్టినది కనుక, దానికోసం చేసిన అల్లాయ్‌లు దొరికితే పి.సి.డి. ఒకటే ఉంటుంది. అయితే ఆ కార్లలో స్టడ్ల మందం అన్ని ఏళ్లలోనూ ఒకటి కాదు. కొనేముందు మీ స్టడ్డును వెర్నియరుతో కొలిపించండి. ఏ చక్రం వేసినా, ముందుగా ట్రనియన్లు విప్పించి చూడటం నా దృష్టిలో తప్పనిసరి.

ప్రశ్న: యాభై ఏళ్లు దాటిన కారుకు వింటేజ్ రిజిస్ట్రేషన్ తీసుకోవాలనుకుంటున్నాను. అల్లాయ్‌లు వేస్తే అడ్డంకి అవుతుందా?
— ఒక పాఠకుడు, శ్రీకాళహస్తి

జవాబు: 2021 జూలైలో కేంద్రం ప్రకటించిన నియమాల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన కారు, దాని ఛాసిస్, బాడీ, ఇంజను గణనీయంగా మార్చనిదై ఉండాలి. చక్రాలు ఆ మూడింటిలో లేవు. కొత్తగా నమోదుకు 20,000 రూపాయలు, పదేళ్ల చెల్లుబాటు, తరువాత పునరుద్ధరణకు 5,000 రూపాయలు. నంబరులో వి.ఎ. అనే అక్షరాలు వస్తాయి. ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతుకు, పెట్రోలుకు తప్ప రోజువారీ తిరుగుడుకు వీలుండదని గుర్తుంచుకోండి. అయితే 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని అడ్డుకుంటుంది కనుక, మడ్గార్డు దాటి పొడుచుకొచ్చే చక్రాలతో తనిఖీకి పోకండి. నా మటుకు నేనైతే తనిఖీకి పాత ఇనుప డిస్కులతోనే వెళతాను. వాటిని ఎన్నడూ అమ్ముకోకూడదు కూడా.

ప్రశ్న: స్నేహితుడి దగ్గర ఎనిమిది పుల్లల మినీలైట్ చక్రాలు ఒక జత దొరికాయి. చాలా తేలికగా ఉన్నాయి, అక్కడక్కడా తెల్లగా పొడిలా రాలుతోంది. ఇసుక కొట్టించి, పౌడర్ కోటింగు వేయించి వాడుకోవచ్చా?
— ఒక పాఠకుడు, పలమనేరు

జవాబు: తేలికగా ఉండి, తెల్లని పొడి రాలుతోందంటే అవి మెగ్నీషియం చక్రాలేమోనని నా అనుమానం. 1960లలో ర్యాలీల్లో పరుగెత్తిన మినీ కార్ల మీద పేరు తెచ్చుకున్న మినీలైట్లు మెగ్నీషియంతోనే పోసినవి, అల్యూమినియంవి తరువాత వచ్చాయి. మెగ్నీషియం సాంద్రత ఘన సెంటీమీటరుకు 1.74 గ్రాములు, అల్యూమినియంది 2.7. తేడా చేతికే తెలుస్తుంది. నిర్ధారణకు లోపలి వైపు కనబడని చోట రంగు గీకి, శుభ్రమైన లోహం మీద ఒక చుక్క వినెగరు వేయండి. బుసబుసమని బుడగలు వస్తే మెగ్నీషియమే. అల్యూమినియం అలా స్పందించదు.

మెగ్నీషియం అయితే ఇసుక కొట్టించే ముందే పగుళ్ల పరీక్ష జరగాలి. ఇసుక దెబ్బలకు లోహపు పైపొర పరుచుకుని సన్నని పగుళ్ల నోళ్లు మూసుకుపోతాయి, తరువాత ఎంత వెతికినా దొరకవు. అందుచేత రంగును ద్రావకంతోనే తీయించి, ఎర్రని డై పెనెట్రెంట్ (పగుళ్లలోకి ఇంకే రంగు) పూసి, తుడిచి, తెల్లని డెవలపరు చల్లి చూడాలి. పగులు ఉంటే తెలుపు మీద ఎర్రని గీతగా పైకి తేలుతుంది. ఈ మందుల డబ్బాలు వెల్డింగు సామాను అమ్మే దుకాణాల్లో దొరుకుతాయి. పుల్లలు మధ్య భాగంతో కలిసే మూలలు, నట్టు రంధ్రాల చుట్టూ ఉన్న చోట్లు ముఖ్యంగా చూడండి. ఒక్క గీత కనిపించినా ఆ చక్రం గోడకు తగిలించుకోవడానికే. వెల్డింగు చేయిస్తానని ఎవరన్నా ఒప్పుకోకండి.

పగుళ్లు లేకపోయినా పౌడర్ కోటింగు వద్దంటాను. దాన్ని 200 డిగ్రీల సెల్సియస్ దాకా కాలుస్తారు, పాత పోతలోహం బలానికి అది మంచిది కాదు. మెగ్నీషియానికి తగిన ప్రైమరు వేసి, పైన మామూలు రంగు చల్లించండి. రాయి తగిలి రంగు లేచిన చోటల్లా తుప్పు మొదలవుతుంది కనుక వానాకాలంలో ఈ చక్రాలు కారుకు ఉంచకండి. రోడ్డు మీద తిరగడానికి ఇదే తీరులో ఈ కాలం అల్యూమినియంతో చేసినవి కొనుక్కోవడం సుఖం. ఆ పాతవాటికి గౌరవం ఇవ్వాలనుకుంటే ర్యాలీ రోజున మాత్రం తొడగండి.

లేత్ దుకాణానికి తీసుకెళ్లినప్పుడు అది మెగ్నీషియమని ముందే చెప్పి తీరాలి. దాని సన్నని రజను నిప్పురవ్వకు అంటుకుంటే తెల్లని మంటతో మండుతుంది, నీళ్లు పోస్తే ఇంకా ఎగసిపడుతుంది. పక్కన పొడి ఇసుక బకెట్టు ఒకటి పెట్టుకుని, గ్రైండరు వాడకుండా, పని చేయించండి.